ఆశాపాశము, ఆశాబలము

ఆశను గూర్చి మన శాస్త్రములు రెండు విధములుగా పలుకుచున్నట్లు తోచును. భగవద్గీత పదునాఱవ అధ్యాయము ఆసురస్వభావులను వందలకొలది ఆశాపాశములచే కట్టువడిన వారినిగా వర్ణించినది. శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధములో పింగళ కథ కలదు. విదేహ నగరమున నుండిన ఆ వారకాంత, ధనమిచ్చు వాడెవడైన వచ్చునని వాకిట నిలిచి, లోనికి పోవుచు, మఱల వెలికి వచ్చుచు, అర్ధరాత్రము వఱకు వేదనపడినది. ఆ ఎదురుచూపు విడిచిన పిమ్మటనే ఆమెకు హాయిగా నిద్ర పట్టినది. అవధూత ఆమెను తన ఇరువదినలుగురు గురువులలో ఒకతెగా లెక్కించెను.

ఛాందోగ్యోపనిషత్తు ఏడవ అధ్యాయము తెఱచిన వారికి వేఱొక మాట వినిపించును. సకల విద్యలు నేర్చియు శోకమును దాటలేక పోయితినని నారదుడు సనత్కుమారుని ఆశ్రయించెను. ఆ మహర్షి నామముతో మొదలిడి ఒక్కొక్క మెట్టే ఎక్కించుచు పోయెను. బలము, అన్నము, జలము, తేజస్సు, ఆకాశము, స్మృతి అనువాని నన్నిటిని దాటి పదునాల్గవ మెట్టున నిలిచినది ఆశ. దానికి పైమెట్టు ప్రాణమే. ఆశచే ప్రజ్వలితమైన స్మృతియే వేదమును చదివించును, కర్మలను చేయించును అని అచ్చటి భావము.

ఒకచోట పాశమైనది వేఱొకచోట ప్రాణమునకు పొరుగున ఎట్లు కూర్చున్నది? సాధకులను తికమక పెట్టు ప్రశ్న యిది. ఆశను విడువవలెనని విన్నవాడు పనిని కూడ విడుచును. ఆశ గొప్పదని విన్నవాడు పగటికలలలో పడును. ఇరువురును చెడుదురు. దీనికి సమాధానము వెదకుటకు గుహలకే పోనక్కఱలేదు. సూరతు నగరపు తూర్పుభాగమున తాపీనదికి చేరువలో వరాఛా అను పేట కలదు. అచ్చటి జనుల జీవితములో ఈ రెండాశలును ప్రక్కప్రక్కనే కనబడును.

ఆంధ్రులకు సూరతు క్రొత్త ఊరు కాదు. తెలంగాణపు పద్మశాలి కుటుంబములు అనేకము అచ్చటి మగ్గములను నమ్ముకొని వలసపోయి స్థిరపడినవి. అంతకు పూర్వము పదునేడవ శతాబ్దిలో తావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు సూరతు రేవునుండి బయలుదేఱి గోలకొండకును, కృష్ణాతీరపు కొల్లూరు వజ్రపు గనులకును వచ్చెను. ఆ గనిలో సుమారు 60,000 మంది పనిచేయుచుండిరని వ్రాసెను. నేడు రాళ్లు ఆఫ్రికానుండియు, రష్యానుండియు వచ్చుచున్నవి. వానిని సానపట్టు చేతులు మాత్రము వరాఛా సందులలో నున్నవి. ఆ పనివారు తమ్ము ‘రత్నకళాకారులు’ అని చెప్పుకొందురు.

ముడివజ్రము చూచుటకు పటికపలుకు వలె నుండును. దానిని కోయుటకు వజ్రముకంటె కఠినమైన దేదియు దొరకదు గనుక, నూనెలో కలిపిన వజ్రపుపొడినే తిరుగు చక్రమునకు పూసి, ఆ చక్రముపై రాతిని ఆనింతురు. రాతికి ఒక పొర, ఒక దిశ కలదు. ఆ దిశకు ఎదురుగా ఒత్తిన ఎంతసేపైనను అరగదు. గుండ్రని వజ్రమునకు 57 ముఖములు తీర్చవలెను. తీర్చులోపల ముడిరాతి బరువులో సగమునకు పైగా పొడియై పోవుట సామాన్యము. పనివాడు రాతిని ఎత్తి, భూతద్దముతో చూచి, మఱల చక్రముపై నుంచును. దినమంతయు ఇదే పని.

ఈ పనివారిలో పెక్కుమంది సౌరాష్ట్రములోని భావనగరము, అమ్రేలి ప్రాంతముల రైతుబిడ్డలు. వేరుసెనగయు ప్రత్తియు పండించు కుటుంబములు. వానలు తప్పి బావులు ఎండిపోగా, తఱచు కఱవులకు తాళలేక కూలి వెదకుచు సూరతు చేరిరి. వారు తెచ్చుకొన్న ఆశ మొదట కడుపుకొఱకైన ఆశయే. దానిని నిందించుటకు కడుపు నిండినవారికి అధికారము లేదు.

కాని వారిలో కొందఱికి ఆ ఆశ అచ్చటనే ఆగలేదు. ఖోపాలా అను భావనగర ప్రాంతపు గ్రామమునుండి సూరతు వచ్చి వజ్రవ్యాపారములో నిలద్రొక్కుకొన్న మథుర్‌భాయి సవాణీ, 1990వ దశకము చివర, తాము విడిచివచ్చిన ఊరివైపు తిరిగి చూచెను. ఊరివారును, సూరతులోని ఊరిబిడ్డలును చందాలు వేసికొని వాగులకు అడ్డముగా చిన్న చిన్న కట్టలు కట్టిరి. సౌరాష్ట్ర జలధారా ట్రస్టు అను సంస్థ ఆ పనిని ఇతర గ్రామములకు విస్తరింపజేసెను. గుజరాతు ప్రభుత్వము 2000 జనవరిలో, కట్ట ఖర్చులో నూటికి 60 పాళ్లు తాను, 40 పాళ్లు ప్రజలు భరించు పథకమును ప్రారంభించెను. సవాణీకి 2014లో పద్మశ్రీ లభించినది.

ఈ కట్టల స్వభావము విచారింపదగినది. అవి పెద్ద జలాశయములు కావు. వానకాలపు వరద కట్టకు తగిలి వేగము తగ్గి, కొన్నాళ్లు నిలిచి, మెల్లమెల్లగా నేలలోనికి ఇంకును. చుట్టుప్రక్కల బావులలో ఊట పెరుగును. కంటికి కనబడు నీరు వేసవికి మాయమగును; మిగిలిన దంతయు భూగర్భముననే. మఱియొక సంగతి: కట్టను వాగు పారుచుండగా కట్టలేరు. నీటిచుక్క లేని ఎండలో, ఇసుక త్రవ్వి పునాది తీసి, రాయి పేర్చవలెను. ఎండిన వాగులో నిలిచి రాయి పేర్చువానిని చూచి నవ్వుట ఎవరికైనను సులభము.

పింగళకును ఇతనికిని గల భేద మిదియే. పింగళ చేయదగిన దేమియులేక ఎవరో వచ్చుట కొఱకు వాకిట నిలిచినది. ఇతడు మేఘుని కొఱకు ఎదురుచూచుట లేదు. మేఘుడు వచ్చిననాడు నీరు నిలుచుటకు చోటు సిద్ధపఱచుచున్నాడు. వాన ఇతని చేతిలో లేదు. రాయి ఇతని చేతిలో నున్నది. గీత మూడవ అధ్యాయము ఆశ విడిచి యుద్ధము చేయుమన్నపుడు విడువుమన్నది వానపై గల పెత్తనమును, పేర్చవలసిన రాతిని కాదు. పింగళ కథయును నిద్రతో ముగియలేదు. లభించినదానితో తృప్తిగా, శ్రద్ధతో జీవింతునని ఆమె నిశ్చయించుకొన్నట్లు భాగవతము చెప్పుచున్నది. ఆశ తొలగిన చోట ఆమెకు మిగిలినది శూన్యము కాదు, శ్రద్ధ. సనత్కుమారుడు పదునాల్గవ మెట్టున నిలిపిన ఆశ ఈ శ్రద్ధకు తోబుట్టువే యగును.

అట్లని కట్టిన కట్ట యెల్ల మేలేయని తలపరాదు. ఎగువ కట్టలు దిగువ ఊళ్ల నీటిని తగ్గించునను విమర్శ కలదు. అది తోసిపుచ్చదగినది కాదు. శ్రద్ధకు వివేకము తోడుండవలెను. వజ్రపు పొర తెలియక ఒత్తినవాడు చక్రమునే చెఱచుకొనును.

సూరతు నగరమే మఱియొక నిదర్శనము. 1994 సెప్టెంబరులో ప్లేగు భయముచే లక్షలాది జనులు ఆ ఊరు విడిచి పాఱిపోయిరి. ముందరి వరదల బురదయు, ఎత్తని చెత్తయు ఆ దుస్థితికి కారణములని చెప్పుకొనిరి. 1995లో నగరపాలక కమీషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు అధికారులను ప్రతి ఉదయము వీథులలోనికి పంపెను. రాత్రివేళల రాజవీథులు ఊడ్పించెను. మఱుసటి యేడు ఒక సర్వేలో సూరతు దేశములోని శుభ్రమైన నగరములలో రెండవదిగా లెక్కింపబడెను. 2024 జనవరిలో ఇండోరుతోబాటు ప్రథమస్థానము పొందెను. నడుమ 2006 ఆగస్టులో తాపీ వరద నగరములో అధికభాగమును ముంచినది. జనులు మఱల బురద ఎత్తిపోసికొనిరి.

ఇక చెప్పుటకు కష్టమైన మాట ఒకటి కలదు. 2008లో లోకమంతట వ్యాపారము మందగించినపుడు వరాఛాలో చక్రము లాగిపోయి, వేలాదిమంది చేతిపని పోగొట్టుకొనిరి. ఇటీవలి సంవత్సరములలోను అట్టి గడ్డుదినములు వచ్చినవి. దిక్కుతోచక ప్రాణములు తీసికొన్నవారును కలరు. అట్టివాని ఎదుట నిలిచి ఆశను వదలవద్దని ఉపదేశించుట మాటలు వెదచల్లుటయే యగును. ఉపనిషత్తు ఆశను ప్రాణమునకు చేర్చి చెప్పుటలో ఒక హెచ్చరిక కలదు: ఒకటి సన్నగిలినపుడు రెండవదియు సడలును. కనుక నట్టివానికి మొదట అందింపవలసినది బోధ కాదు. ఆ నెల ఇంటి అద్దె, బిడ్డల బడిజీతము, తలుపు తట్టి కూర్చుండు ఒక మనిషి. తనకు తాను కట్ట కట్టుకొనలేనివాని పొలములో ఊరు కలిసి రాయి మోయుట ఖోపాలాలో జరిగినదే. అచ్చట చందా వేసినవారిలో, ఆ నీరు పాఱు పొలము తమకు సెంటైనను లేనివారును ఉండవచ్చును. పేరు చెక్కించుకొనక డబ్బిచ్చి, మఱునాడుదయమే వరాఛాకు తిరిగివచ్చి చక్రము ముందర కూర్చుండి, రాతిని ఎత్తి, అద్దముతో చూచి, మఱల చక్రముపై నుంచియుందురు.