గొప్పవారిని కలిసికొనుట అనగా నేమి?

ధ్యాన భాగములు: 1 రాజులు 10:1–9, 2 రాజులు 5:1–4

షేబదేశపు రాణి సొలొమోను కీర్తినిగూర్చి విని దూరదేశమునుండి యెరూషలేమునకు వచ్చెను. ఒంటెల బారును, సుగంధద్రవ్యములను, బంగారమును మనము తరచుగా జ్ఞాపకముంచుకొందుము. అయితే ఆమె వాటితోకూడ తన మనస్సులోని చిక్కు ప్రశ్నలను తెచ్చెను. అవి లేకుండ వచ్చియుండినయెడల నగరును, భోజనపు బల్లను, సేవకుల వస్త్రములను చూచి తిరిగి పోయియుండును. చూచుట వేరు, కలిసికొనుట వేరు.

మన నగరము, మామిడికుదురు, రాజోలు ప్రాంతములలో గల్ఫుకు పోయిన మనిషి లేని వీధి అరుదు. కువైటు, మస్కటు, దుబాయి అను పేర్లు చిన్నపిల్లలకు సహా తెలియును. చదువుకొన్న బిడ్డలు అమెరికాకును ఆస్ట్రేలియాకును పోవుచున్నారు. సెలవుకు వచ్చినవారిని ఆరాధన ముగిసిన తరువాత మనవారు పలుకరించుట మేము వినుచుందుము. అమెరికానుండి వచ్చిన అబ్బాయిని, "అక్కడ ఎవరెవరిని కలిసితివి నాయనా?" అని అడుగుదురు; అతడు ఫోనులో ఫోటోలు చూపును. కువైటునుండి వచ్చిన అమ్మను, "ఎంత తెచ్చితివమ్మా?" అని అడుగుదురు. ఆమెకూడ అక్కడ ఎవరినైన కలిసియుండునను తలంపే ఎవరికిని తోచదు. ఈ రెండు ప్రశ్నలకు నడుమనున్న ఎడము మమ్మును బాధించుచున్నది.

మన జిల్లాకు 2022లో డాక్టర్ బి. ఆర్. అంబేద్కరుగారి పేరు పెట్టబడినది. ఆ పేరునుబట్టి ఆ యేటి మే నెలలో అమలాపురములో ఇండ్లు తగులబడిన సంగతి మీకు తెలిసినదే. ఆ పేరుగల మనిషి పరదేశములో ఎవరిని కలిసికొనెనో తెలిసినవారు మాత్రము కొద్దిమందియే. ఆయన బరోడా మహారాజుగారిచ్చిన విద్యార్థి వేతనముతో 1913లో, 22 ఏండ్ల వయస్సున, న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు పోయెను. స్వదేశపు బడిలో గోనెపట్ట వేసికొని వేరుగా కూర్చుండిన పిల్లవాడు అక్కడ జాన్ డ్యూయీ అను తత్త్వవేత్త యెదుట అందరితోపాటు కూర్చుండి పాఠము వినెను. పరదేశములలో గడపిన ఏండ్లు తాను అంటరానివాడనను తలంపునే తన మనస్సులోనుండి తుడిచివేసినవని ఆయనే తరువాత వ్రాసెను. 1917లో బరోడాకు వచ్చి కొలువులో చేరగా బస దొరకలేదు. వేరు పేరుతో ఒక పారసీల సత్రములో దిగెను. కొన్ని దినములకు మనుష్యులు కఱ్ఱలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టిరి.

డ్యూయీ బోధలో ఒక ముఖ్యమైన తలంపు ఇది: ప్రజాస్వామ్యము ఒక ప్రభుత్వ పద్ధతి మాత్రమే కాదు, మనుష్యులు ఒకరితో ఒకరు కలిసి బ్రదుకు తీరు. అమెరికాలో ఇది పాఠము. కలిసి కూర్చుండుటయే నేరమైన దేశమునకు దానిని తెచ్చినప్పుడు అది నిప్పు. 1936లో అచ్చువేయించిన కులనిర్మూలన ప్రసంగములో అంబేద్కరుగారు డ్యూయీని తన గురువని పేరుపెట్టి చెప్పి, ఆయనకు తాను ఎంతో ఋణపడియున్నానని ఒప్పుకొనెను. 1952లో కొలంబియావారు గౌరవ పట్టమియ్య పిలువగా, గురువుగారిని మరల చూతునను ఆశతో బయలుదేరెను. ఆ జూన్ 1వ తేదీన డ్యూయీ మరణించెను. తన ఆలోచనా జీవితమంతయు ఆయన పెట్టినదే యని అంబేద్కరుగారు దుఃఖముతో భార్యకు ఉత్తరము వ్రాసిరి. పరదేశములో ఒక గొప్పవాని కలిసికొనుట యనగా ఇట్టిదని మాకు తోచుచున్నది. విన్నదానిని ఇంటికి తెచ్చెను, ఇంటిలో దానికొరకు దెబ్బలు తినెను.

ఆయన మన విశ్వాసములోనికి రాలేదు, 1956లో బౌద్ధమును స్వీకరించెను. ఈ పత్రికలో ఆయన మాట ఎందుకని కొందరడుగవచ్చును. షేబ రాణియు ఇశ్రాయేలీయురాలు కాదు.

అయితే ఇక్కడ ఒక గట్టి అడ్డు ప్రశ్న కలదు. "అయ్యగారూ, బల్లవద్ద కూర్చుండనిచ్చినవారికి గదా ఈ మాటలు! వంటింటిలో నిలుచుండువారి సంగతి యేమి?" అని ఒక సహోదరి మమ్ము నడిగెను. న్యాయమైన ప్రశ్న. 1910లో ఎడింబరోలో జరిగిన మిషనరీ మహాసభలో వి. ఎస్. అజరయ్యగారు ఇంచుమించు దీనినే అడిగిరి. రెండేండ్ల తరువాత దోర్నకలు బిషప్పైన ఆయన, లోకమందలి పేరుగాంచిన మిషనరీల యెదుట నిలిచి, మీరు మాకు ఆస్తిని ఇచ్చితిరి, ప్రాణమునుకూడ ఇచ్చితిరి, ఇక స్నేహము నియ్యుడని భావము వచ్చునట్లు మాటలాడిరి. ఎన్ని ఇచ్చినను స్నేహము లేనిచోట ఎదురుపడుట యుండును గాని కలిసికొనుట యుండదు. కువైటులో ఒక వైద్యుని యింట, ఒక అధికారి యింట పదేండ్లు టీ అందించిన మన సహోదరికి ఇది ఒకరు చెప్పనక్కరలేదు. ఆ దేశములో 2015లో చేసిన 68వ చట్టము ఇంటి పనివారికి వారమున కొక దినము సెలవియ్యవలెనని విధించుచున్నది. అది అందరికిని దొరకుట లేదు. దొరకినవారిలో కొందరు శుక్రవారము కువైటు జాతీయ సువార్త సంఘపు ఆవరణమునకు పోవుదురు. అక్కడ అనేక భాషలవారు ఆరాధించుదురు, తెలుగువారును కూడుకొందురు.

నయమాను ఇంటి చిన్నదానిని చూడుడి. ఆమె చెరపట్టబడి పరదేశమునకు కొనిపోబడినది. సిరియా సైన్యాధిపతి యింట, అనగా ఆ దేశపు గొప్పవారిలో ఒకని యింట, పనిచేసెను. ఆ గొప్పతనమునుండి ఆమె ఏమి నేర్చుకొనెనో లేఖనము చెప్పదు. ఆమె మాటనుబట్టి అతడు బాగుపడెనని మాత్రము చెప్పుచున్నది. ఆ యింటిలో కలిసికొనదగిన మనిషి ఎవరో పక్కమీది రోగికి చాల ఆలస్యముగా తెలిసియుండును.

ఆ అడ్డు ప్రశ్న వేసిన సహోదరి కువైటులో పదకొండేండ్లు ఉండి వచ్చెను. నీవు అక్కడ చూచిన గొప్ప మనిషి ఎవరని మేము అడుగగా, కొంతసేపు ఊరకుండి, తనకంటె ముందు ఆ యింట చేరిన మలయాళ పెద్దమ్మ యని చెప్పెను. జీతము అందిన రాత్రియే ఆ పెద్దమ్మ దీపము క్రింద కూర్చుండబెట్టి, ఎంత పంపినది, ఎంత మిగిలినది, పంపినది దేనికి ఖర్చయినది, అన్నియు ఒక పుస్తకములో వ్రాయించెనట. ఖర్చు సంగతి ఇంటివారిని అడుగుటకు మొదట ఈమెకు భయము వేసెనట. అడుగకపోతే పదేండ్ల తరువాత ఖాళీ చేతులతో ఏడ్చెదవని ఆ పెద్దమ్మ కసరెనట. మన ఊళ్లలో గల్ఫు సొమ్ము పెండ్లిండ్లకును, అప్పులకును, మగవారి త్రాగుడుకును ఎట్లు పోవుచున్నదో ఎరిగినవారికి ఆ కసురు విలువ తెలియును.

పుస్తకములు నాలుగు ఉన్నవి. బీరువా తాళము తీసి మాకు చూపించెను. మొదటిదానిలో అంకెలు వంకరగా ఉన్నవి, నాలుగవదానిలో తిన్నగా ఉన్నవి. వచ్చే నెల స్త్రీల సమాజములో వాటిని తెచ్చి, లెక్క వ్రాయు విధము చూపుమని అడిగితిమి. బిడ్డలను గల్ఫుకు పంపిన తండ్రులు, భార్యలను పంపిన భర్తలు కూడ ఆ దినమున వెనుక బల్లలమీద కూర్చుండవచ్చునని ఆమెయే చెప్పినది.