ఉప్పు కొలత

మా పక్కింటి పిన్నిగారు మాగాయ ఎలా పెట్టాలో ఎవరడిగినా చెబుతారు. ఒక్క ఉప్పు కొలత మాత్రం చెప్పరు. "అదీ చెప్పేస్తే ఇక నా గొప్పేం మిగిలిందే?" అని నవ్వేస్తారు.

2012లో గాజాలో యుద్ధమప్పుడు స్టెతస్కోపులు చాలక, డాక్టర్లు క్షతగాత్రుల గుండెలకు చెవి ఆనించి విన్నారట. అది చూసిన తారెక్ లుబానీ అనే డాక్టరుకి, తర్వాత ఓ పిల్లవాడి బొమ్మ స్టెతస్కోపు ఆలోచన రేపింది. తోటివాళ్లతో కలిసి, త్రీడీ ప్రింటరు మీద సుమారు 3 డాలర్లలో తయారయ్యే స్టెతస్కోపు రూపొందించాడు. కొలతలన్నీ ఇంటర్‌నెట్‌లో పెట్టి, "ఎవరైనా చేసుకోండి, లోపముంటే దిద్దండి" అన్నారు.

"ఊరికే ఇచ్చేదేగా, ఎలా ఉంటేనేం" అనుకోలేదు వాళ్లు. పేరుమోసిన ఖరీదైన స్టెతస్కోపు పక్కన పెట్టి పరీక్షించి, 2018లో ఆ ఫలితాలూ ప్రకటించారు.

నన్ను ఆలోచనలో పడేసింది ఇదే. మాగాయకి బూజు పడితే పారబోసుకుంటాం. ప్రాణం అలా కాదే! డబ్బు పుచ్చుకోనంత మాత్రాన బాధ్యత తీరిపోతుందా? దాచుకోకుండా ఇవ్వడం ఒక మంచితనం. ఇచ్చేముందు సరిచూసుకోవడం అంతకన్నా పెద్దది.

అన్నట్టు, మొన్న మా తోడికోడలు అరిసెల పాకం గురించి అడిగితే నేనూ కాస్త నాన్చాను. ఇవాళే ఫోన్ చెయ్యాలి.