భూగర్భాగ్ని ఎవరి సొత్తు?

కాస్పియను సముద్రతీరమున, బాకు నగరమునకు చేరువలో, సురఖానీ అను ఊరు కలదు. అచ్చట చుట్టును యాత్రికుల గదులును నట్టనడుమ నాలుగు స్తంభముల మండపమును గల యొక గుడి యున్నది. ఆ మండపమున ఒక మంట వెలుగుచుండును. పూర్వము దానికి కట్టె యక్కరలేదు, వత్తి యక్కరలేదు. నేల పగుళ్లనుండి తనంతట ఎగసివచ్చు వాయువే దాని ఆహుతి. పదునెనిమిదవ శతాబ్దమున ముల్తాను మొదలగు చోట్లనుండి వ్యాపారమునకై అంతదూరము పోయిన మన వర్తకులును, వారివెంట నడచిన సాధువులును ఆ మంటను జ్వాలాదేవిగా కొలిచిరి. గదుల గుమ్మములపై వారు చెక్కించిన శాసనములను, గణపతి నమస్కారముతో మొదలగువానిని, నేటికిని చూడవచ్చును. కాంగడా జ్వాలాముఖిని దర్శించివచ్చిన తెలుగు యాత్రికులకు ఆ దృశ్యము ఊహకందనిది కాదు. అచ్చటను రాతిసందులనుండి వెలువడు వాయువే దేవతయై పూజలందుకొనుచున్నది.

సురఖానీ మంట 1969లో ఆరిపోయెను. చుట్టుపట్ల బావులు త్రవ్వి తోడగా తోడగా ఆ నేల అడుగున వాయువు తరిగిపోయినది. ఇప్పుడు యాత్రికుడు చూచు మంట బాకునుండి గొట్టముద్వారా వచ్చు గ్యాసుతో వెలిగించినది. ఆ తీరముననే సుమ్‌గయిత్ పట్టణమున 2019లో ప్రారంభమైన కర్మాగారము అదే జాతి వాయువునుండి ఏడాదికి ఆరున్నర లక్షల టన్నుల యూరియా తయారుచేయగల శక్తి గలది.

ఒకనాడు దైవమై వెలిగిన అగ్ని మరియొకనాడు సరకై బస్తాలకెక్కినది. ఇందు తప్పుపట్టవలసినది ఏమియు లేదని నా తలంపు. ఆకలి తీర్చుటకు మించిన పూజ అగ్నికి వేరొకటి యేమున్నది? అన్నమును వృద్ధిచేయుటను వ్రతముగా పట్టుమని తైత్తిరీయోపనిషత్తున భృగువల్లి బోధించుచున్నది గదా! ఐనను ఆ అగ్ని గుడినుండి గోదామునకు తరలినప్పుడు ఒక ప్రశ్న దానివెంట బయలుదేరినది. దేవత యెదుట చేతులు జోడించి నిలిచినవాడు ‘ఇది నాది’ అనుకొనలేదు. సరకుపై చేయివేసి నిలిచినవానికి ఆ మాట అనక తప్పదు. అది ఎవని నేలలో దొరికిన వానిదా, ఎవరి రాజ్యములో దొరికిన వారిదా, లేక దానివలన పండిన కూడు తిను జనులందరిదియునా?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు యూరియా గింజ ఎట్లు పుట్టునో కొంచెము తెలిసికొనవలెను. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. నత్రజని లేనిదే పైరుకు పచ్చదనము లేదు. ఐనను నిత్యము ఆ గాలిలోనే ఊగుచున్న వరియాకు దానిని నేరుగా గ్రహింపజాలదు. జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ హాబర్ 1909లో అధికపీడనమున నత్రజనిని ఉదజనితో కలిపి అమ్మోనియాను బొట్లుబొట్లుగా రాల్చి చూపెను. కార్ల్ బాష్ ఆ ప్రయోగమును కర్మాగారపు స్థాయికి పెంచగా 1913లో జర్మనీలోని ఒపావున ఉత్పత్తి మొదలయ్యెను. నేడు భూమిమీది జనులలో సుమారు సగముమంది తిను తిండి ఈ విద్య లేనిదే పండదని శాస్త్రజ్ఞుల అంచనా. ఆ హాబరే 1915లో ఈప్రె రణరంగమున విషవాయుప్రయోగమును దగ్గరుండి నడిపించెను. విద్యవెంట ధర్మము దానంతటది రాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఆ ఉదజనికి నేడు ప్రధానాధారము సహజవాయువు. దానిని నీటియావిరితో కూర్చి కాచి ఉదజనిని విడదీయుదురు; అప్పుడు వెలువడు బొగ్గుపులుసుగాలిని పోనీక మరల అమ్మోనియాతో జతకలిపి యూరియాగా గింజకట్టింతురు. చిటికెడు యూరియాను తడి అరచేత వేసికొని చూడుడు. అది కరుగుచు చేతిని చల్లబరచును. అంతటి కొలిమిలో పుట్టిన వస్తువు అంత చల్లగా కరుగుట చూచినప్పుడెల్ల నాకు ఆశ్చర్యము తీరదు.

ఇంతకును ఆ గింజలో ఎవరి కష్టార్జితము ఎంత? నత్రజని అందరు పీల్చు గాలిలోనిది. వాయువన్ననో, కోట్ల సంవత్సరముల క్రిందట సముద్రముల అడుగున సమసిన సూక్ష్మజీవుల అవశేషములనుండి పుట్టినది. దానిని నాటినవాడు లేడు, పెంచినవాడు లేడు. కొలిమి, గొట్టములు, కూలివాని చెమట, ఇంజనీరు నేర్పు, ఇవి మాత్రమే మానవునివి. 1962లో ఐక్యరాజ్యసమితి తన 1803వ తీర్మానమున సహజసంపదపై ఆయా జాతులకు శాశ్వతాధికారము కలదని ప్రకటించినది. ఆ యేడే కువైట్ తన రాజ్యాంగమున అట్టి సంపదయంతయు రాజ్యమునకు చెందునని వ్రాసికొనినది. పరాయి కంపెనీలు తోడుకొనిపోవు చమురుకు తమ నేలమీదనే తాము చేయిచాచవలసివచ్చిన జాతులకు ఆ హక్కు సర్వవిధముల న్యాయమైనది. కాని హక్కు స్థిరపడినచోట విచారణ ముగియదు. ఋణవిచారణ అచ్చటనే మొదలగును. ఆ జాతులలో పెక్కుమంది శిరసావహించు ఇస్లాము సంప్రదాయమే నీరు, పచ్చిక, నిప్పు అను మూడింట జనులందరు భాగస్వాములని ప్రవక్త చెప్పినట్లు తెలుపుచున్నది. యూరియా నిప్పున పుట్టి, నీట కరిగి, పచ్చనిదానిని పెంచునది. ఆ మూడును ఒక్కటిగా కూడిన వస్తువు ఇంతకంటె వేరొకటి నాకు తోచదు.

ఈ దృష్టితో చూచినప్పుడు మొదటి పాపము అమ్మకములో లేదు, వృథాగా తగులబెట్టుటలో ఉన్నది. చమురుతోపాటు పైకివచ్చు వాయువును పట్టి దాచుటకు ఖర్చగునని బావులవద్దనే దానిని మండించివేయుదురు. ప్రపంచబ్యాంకు లెక్కప్రకారము 2023లో ఇట్లు కాలిపోయినది సుమారు 14,800 కోట్ల ఘనపు మీటర్లు. టన్ను యూరియాకు ఆరేడు వందల ఘనపు మీటర్లు పట్టునని చూచినను, లోకమంతయు ఏడాదికి తయారుచేయు యూరియాకు అది చాలును. ఆ వాయువు ఎడారులలోను సముద్రములమీదను చెల్లాచెదరై యున్నది గనుక అంతయు ఒకచోటికి చేరదన్న మాట నిజమే. కాని చేరదగినదియు చేరుటలేదు.

నైజీరియాలో 1956లో ఒలోయిబిరి గ్రామమున చమురు దొరికిన పిదప నైజర్ నది డెల్టాలో ఈ మంటలు రేయింబవళ్లు మండుచున్నవి. అచ్చటి కొన్ని గ్రామములలో స్త్రీలు కర్రపెండలపు ముద్దలను తట్టలలో పరచి ఆ మంటల సెగకు ఆరబెట్టుకొనెడివారు. వేడికి మొగము త్రిప్పుకొనుచు, మసి మీదపడుచుండగా, ఆ తల్లులు తమ పొట్టకూటిని ఎండబెట్టుకొనుచున్న ఆ నిప్పే ఎరువుగా మారియుండినచో వారి చేలలో ఎంత పంట పండియుండును! 2005లో ఇవెరెకన్ గ్రామవాసి యొకడు న్యాయస్థానమునకు పోగా, బెనిన్ నగరపు ఫెడరలు హైకోర్టు అట్లు వాయువును మండించుట జీవించు హక్కునకును మానవగౌరవమునకును భంగకరమని తీర్పుచెప్పెను. తీర్పు వచ్చినను మంటలన్నియు ఆరలేదు. 2022 మార్చిలో లేగోస్ చేరువ లెక్కీయందు ఏడాదికి 30 లక్షల టన్నుల యూరియా చేయగల కర్మాగారము ప్రారంభమైనది. ఇది సంతోషింపదగిన మాట. కాని దాని సరకు ఓడలకెక్కి బ్రెజిలుకును అమెరికాకును పోవుచుండగా ఆ దేశపు చిన్నరైతు చేతికి ఎరువు చాలుటలేదు. 2015 నాటికి హెక్టారుకు 50 కిలోల పోషకములైనను అందింతుమని ఆఫ్రికా దేశములు 2006లో ఆ దేశపు అబూజా నగరముననే చేసికొనిన ప్రతిజ్ఞ ఆ గడ్డమీదనే నెరవేరలేదు. ఎగుమతిని నేను నిందింపను. ఇంటివాకిట పస్తున్నవానిని దాటి పోయిన సరకు ఎంత లాభము తెచ్చినను అన్నవ్రతము మాత్రము కాజాలదు.

ఇక ధర మాట. గ్యాసున్నచోటనే ఎరువు చౌకగా తయారగును గనుక కువైట్ 1963లోను, సౌదీ అరేబియా 1965లోను, కతార్ 1969లోను ఇందుకు సంస్థలను నెలకొల్పినవి. కతార్ ఎరువు 1973లో బయటికి వచ్చెను. ఆ యేడే చమురు ధర భగ్గుమనెను. అక్టోబరునకు ముందు మూడు డాలర్ల ప్రాంతమున ఉన్న పీపా 1974 జనవరికి పదునొకండు దాటెను. వెంటనే ఎరువుల ధరయు మిన్నుముట్టి మనవంటి దేశముల రైతులు విలవిలలాడిరి. అయితే న్యాయముగా ఒక మాట చెప్పవలెను: ఆనాడు ఎరువు అమ్మి లాభించినవారిలో పెద్దపాలు జపాను, ఐరోపా దేశములవారిది, నిందలో పెద్దపాలు అరబ్బులకు దక్కినది. మరల 2022 ఏప్రిలులో, రెండేండ్లకు ముందు 230 డాలర్ల చుట్టు తిరిగిన టన్ను యూరియా 900 డాలర్లు దాటెను. ఈ రెండు తడవలును నేల అడుగున వాయువు తరుగలేదు, కొలిమివద్ద కూలి పెరుగలేదు. పెరిగినది కొనువాని భయము. ఆ భయముపై వచ్చిన రాబడి ఎవరి కష్టార్జితము?

దీనికి అరబ్బుల ధర్మశాస్త్రముననే ఒక త్రోవ కనబడుచున్నది. భూమిలో పాతర దొరికినవాడు అందు ఐదవవంతును సమాజమునకు ఈయవలెనని ఇస్లామీయ విధి. దానిని రికాజ్ అందురు. చమురును వాయువును ఆ మాటలో ఇముడునా యని ధర్మవేత్తలలో భిన్నాభిప్రాయములున్నవి. ఆ తర్కమునకు నేను తగను. ఆ విధి వెనుకనున్న భావము మాత్రము స్పష్టము: శ్రమలేక దొరికినదానిలో ఇతరుల పాలు ముందే కలదు. కొలిమికి, కూలికి, నేర్పునకు, న్యాయమైన లాభమునకు తగిన ధర పుచ్చుకొనుడు; కరవుకాలమున అంతకుమించి వచ్చినదానిలో ఐదవవంతును ఎరువు రూపముననే పేదదేశముల చేలకు పంపుడు. ఇది పగటికల కాదు. 1976లో చమురు దేశములు తామే పేదదేశముల సాయమునకై ఒపెక్ నిధిని నెలకొల్పి ఇట్టి ఋణమును ఒప్పుకొనినవి. ఒమానులోని సూర్ రేవున, పూర్వము మలబారు టేకుతో ఓడలు కట్టిన ఆ రేవుననే, సగము పాలు ఒమానుదియు సగము మన సహకారసంస్థలదియునగు యూరియా కర్మాగారము 2005లో వెలసినది. పదునైదేండ్లు నిర్ణీతమైన ధరలకు ఆ యూరియా మనకు చేరునట్లు ఒడంబడిక జరిగెను. 2008లో అంగడి ధర చుక్కలనంటినప్పుడు సూర్ యూరియా మనకు చౌకగా దక్కినది. అమ్మువాడు చెడలేదు, కొనువాడు నలుగలేదు.

ఇంతసేపు అమ్మువాని ధర్మము చెప్పి, కొను మన ధర్మమును దాచినచో అది కపటమగును. గీత మూడవ అధ్యాయమున యజ్ఞచక్రమును వర్ణించి, దేవతలిచ్చినదానిని వారికి తిరిగి సమర్పింపక తానొక్కడే అనుభవించువానిని భగవానుడు దొంగయనెను. ఆ మాట అమ్మువానికెంతయో కొనువానికిని అంతే. 2025 వానకాలమున తెలంగాణ జిల్లాలలో రైతులు తెల్లవారకముందే ఎరువుల దుకాణములవద్ద చెప్పులను, పాసుపుస్తకములను వరుసలో పెట్టి, నిలువలేక ప్రక్కన చెట్టుక్రింద కూర్చుండిరి. కరీంనగర్, జగిత్యాల పల్లెలలో ఒక కొడుకు గల్ఫులో ఎండకు మాడుచుండగా, ఆ గల్ఫునుండియే వచ్చు బస్తాకై తండ్రి ఇచ్చట వరుసలో నిలిచిన ఇండ్లెన్నో ఉన్నవి. 45 కిలోల ఆ బస్తా రైతుకు పడు ధర 266 రూపాయల 50 పైసలు. మిగిలిన భారము ప్రజలందరిది. చౌకగా దొరికినదను తలంపున పిలకదశలో ఒకటికి రెండుగా చల్లిన పొలము మొదట నల్లగా నిగనిగలాడును. పిదప సుడిదోమ పట్టి గుండ్రగుండ్రముగా మాడిపోవును. వేళ్లు గ్రహింపగా మిగిలినది కొంత గాలిలో కలియును, కొంత బావినీటిలోనికి దిగును. ఏ దేశపు భూగర్భముననో కోట్ల యేండ్లు దాగి, అగ్నిలో పునీతమై, సముద్రము దాటివచ్చిన దానిని అట్లు పారబోయుట నైజర్ డెల్టా మంటకంటె ఏవిధమున తక్కువ దోషము?

సేద్యము గల చదువరులను నేను వేడుకొనునది ఒక్కటే. ఈ పంటకు భూసారపరీక్ష చేయించి, పైపాటును అందు చెప్పిన మోతాదులోనే వేయుడు. అక్కరకు మించిన ఆ ఒక్క బస్తాను దుకాణముననే విడువుడు. మీ చెప్పుల వెనుక చెప్పులు పెట్టి కూర్చున్నవాని చేనికి అది అందును.