సాసేజ్ ఎర్రగా వేగనివ్వు, చిన్నా

చిన్నా,

వారం మధ్యలో రాత్రికి ఏం వండుకోవాలో ఆఫీసు నుంచి వచ్చాక ఆలోచించకు. ఆకలి మీద ఆలోచన సాగదు, చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. కాసేపటికి ఎవరో తలుపు దగ్గర చల్లారిన డబ్బా పెట్టి వెళ్తారు. రోజూ నీ భోజనం అలాగే నడుస్తోందని మీ అమ్మ బెంగపెట్టుకుంది. నిన్ను బద్ధకస్తుడని నేను అనను నాన్నా. పగలంతా పనిచేసి, రైలు మారి ఇల్లు చేరినవాడికి పప్పు ఉడకబెట్టి, కూర తరిగి, చారు కాచుకునే ఓపిక ఎక్కణ్నుంచి వస్తుంది? అలాంటి రోజుకని నీకో వంట చెబుతాను. పాస్తా, కారం సాసేజ్, కాస్త క్రీమ్. పొయ్యి మీద నీళ్లు పెట్టిన దగ్గర్నుంచి పళ్లెంలో పెట్టుకునేదాకా అరగంట పడుతుంది. ఆ అరగంటలో రెండు చోట్ల మాత్రం తొందరపడకు. సాసేజ్ వేగేటప్పుడు ఒకటి, చివర్లో పాస్తాను సాసులో కలిపేటప్పుడు ఇంకొకటి. ఆ రెండూ నెమ్మదిగా కానిస్తే మిగతా వాటిలో చెయ్యి అటూ ఇటూ అయినా వంట చెడదు.

ఈ వంటకు నువ్వు సరైన చోటే ఉన్నావు. 1880 నుంచి 1920 మధ్య నలభై లక్షల మందికి పైగా ఇటాలియన్లు అమెరికాకు వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది దక్షిణాది వాళ్లు. నేపుల్స్, కలాబ్రియా, సిసిలీల నుంచి వచ్చి న్యూయార్క్, న్యూజెర్సీల్లో చాలామంది కుదురుకున్నారు. నీ వీధి చివరి కొట్టులో కూడా హాట్ ఇటాలియన్ సాసేజ్ దొరుకుతోందంటే అది వాళ్ల చలవే. పంది మాంసంలో ఉప్పు, వెల్లుల్లి, సోంపు, ఎండుమిర్చి కలిపి చేస్తారు. సోంపు ఉంటుంది కనుక ఆ వాసన నీకు కొత్తగా అనిపించదు. క్రీమ్ వెయ్యడం మాత్రం దక్షిణాది అలవాటు కాదు. నడి ఇటలీలో, ఉంబ్రియాలో, నోర్చా అని ఒక కొండ ఊరుంది. పంది మాంసంతో చేసే పనికి ఆ ఊరివాళ్లు పేరు మోశారు. సాసేజ్, క్రీమ్ కలిపి, టొమాటో లేకుండా చేసే నోర్చినా పాస్తా వాళ్లదే. దక్షిణాన కలాబ్రియాలోని స్పిలింగా వాళ్లు మిరప దట్టించి, రొట్టె మీద రాసుకునేంత మెత్తగా ఎందూయా అనే సాసేజ్ చేస్తారు. నేను చెప్పబోయే వంటలో నోర్చా కమ్మదనమూ ఉంటుంది, కలాబ్రియా కారమూ ఉంటుంది. ఆ మాటకొస్తే మిరప వాళ్లదీ కాదు, మన గుంటూరుదీ కాదు. 1492లో కొలంబస్ ఓడలు అమెరికా చేరాకే అది ఐరోపాకు వచ్చింది. మన దేశానికి పోర్చుగీసు వాళ్ల వెంట వచ్చింది.

ఆదివారం బజారుకు వెళ్లినప్పుడే సరుకు తెచ్చిపెట్టుకో. పచ్చి సాసేజ్ ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. తెచ్చిన రోజునే రెండు మూడు లింకుల చొప్పున వేరు చేసి, సంచుల్లో చుట్టి ఫ్రీజర్‌లో పడెయ్యి. వండాలనుకున్న రోజుకు ముందు రాత్రి ఒక సంచి తీసి కింది అరలో, ఒక గిన్నెలో పెట్టు. సాయంత్రానికి మెత్తబడి ఉంటుంది. మర్చిపోయావని గట్టు మీద బయట పెట్టి కరిగించకు. పైన మెత్తబడి లోపల ఇంకా గడ్డగానే ఉంటుంది, ఈలోగా పైభాగంలో క్రిములు పెరుగుతాయి. దానికి బదులు సంచి ఊడకుండా మూతి బిగించి చల్లని నీళ్లలో ముంచి ఉంచు, అరగంటకోసారి నీళ్లు మార్చు.

పాస్తా పెన్నేగానీ రిగతోనీగానీ కొను. గొట్టాల్లా ఉంటాయి కాబట్టి సాసు లోపలికి కూడా వెళ్తుంది, మాంసం ముక్కలు పట్టుకుంటాయి. సన్నటి స్పగెట్టీ అయితే ముక్కలన్నీ పళ్లెం అడుగున మిగిలిపోతాయి. డబ్బా మీద దురం గోధుమ రవ్వ అని ఉందో లేదో చూడు. ఇటలీలో ఎండు పాస్తాను దురం గోధుమతోనే చెయ్యాలని 1967లో చట్టమే చేశారు. ఆ గోధుమ గట్టిది, ఉడికినా ముద్దవదు. నీకూ నీ రూమ్‌మేట్‌కూ కలిపి 200 గ్రాములు చాలు. పౌను డబ్బా 454 గ్రాములుంటుంది, అందులో సగానికి కాస్త తక్కువ. సాసేజ్ పావు కిలో, ఒక చిన్న ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు పెద్ద చెంచాల టొమాటో పేస్టు, అరకప్పు హెవీ క్రీమ్, గుప్పెడు తురిమిన పార్మిజాన్ జున్ను, రెండు గుప్పిళ్ల పాలకూర, అర చెంచా ఎండుమిర్చి పలుకులు, కాస్త ఆలివ్ నూనె, ఉప్పు, మిరియాల పొడి. ఇంతే.

ఇంటికి రాగానే చేతులు కడుక్కుని ముందు నీళ్లు పెట్టు. బట్టలు మార్చుకోవడం ఆ తర్వాత. రెండు వందల గ్రాములకు రెండు లీటర్ల నీళ్లు సరిపోతాయి. ఇటలీ ఇళ్లలో లీటరుకు పది గ్రాముల ఉప్పు వేస్తారు. నువ్వు ఏడు గ్రాములకు ఆగు, ఎందుకంటే సాసేజ్‌లో ఉప్పుంది, జున్నులో ఉప్పుంది. నీళ్లలో నూనె వెయ్యమని ఎవరైనా చెబితే వినకు. పాస్తాకు నూనె పట్టిందంటే సాసు జారిపోతుంది. అంటుకోకుండా ఉండాలంటే వేసిన మొదటి నిమిషంలో రెండు మూడు సార్లు గరిటెతో తిప్పితే చాలు.

ఇక సాసేజ్. కత్తితో పై పొర నిలువునా చీల్చి ఒలిచెయ్యి, లోపలి మాంసం బయటికి వచ్చేస్తుంది. వెడల్పాటి బాణలి వేడెక్కాక ఒక చెంచా ఆలివ్ నూనె వేసి, మాంసాన్ని పరిచి గరిటెతో అదిమి వదిలెయ్యి. ఇక్కడే చాలామంది చెయ్యి ఊరుకోదు, వేసిన క్షణం నుంచి కలుపుతూనే ఉంటారు. అలా కలిపితే మాంసంలోంచి నీరు ఊరి, వేగకుండా ఆ నీళ్లలోనే ఉడుకుతుంది. బూడిద రంగులో, చప్పగా తయారవుతుంది. మూడు నాలుగు నిమిషాలు అసలు ముట్టుకోకు. చిటపట చప్పుడు తగ్గి, అంచులు ఎర్రబడి, కమ్మటి వాసన వచ్చాక అప్పుడు విరిచి తిరగెయ్యి. రెండో వైపు కూడా అలాగే. ముక్కలు మరీ పొడి చెయ్యకు, గోళీకాయంత ఉండనివ్వు. మొత్తం ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఈ వంట రుచిలో సగం ఆ ఎనిమిది నిమిషాల్లోనే తయారవుతుంది. అడుగున గోధుమ రంగులో అంటుకున్నది మాడు కాదు, దాన్ని కడిగెయ్యకు, గీకి పారెయ్యకు. సాసుకు ప్రాణం అదే. కాకపోతే అది నల్లబడకుండా చూసుకో. నల్లబడుతోందంటే సెగ తగ్గించు. వేయించడానికి ముందే పొయ్యి పైన ఫ్యాన్ వేసి, కిటికీ కాస్త తెరిచి పెట్టు, లేకపోతే అపార్ట్‌మెంట్ పొగ అలారం మోగి ఇరుగుపొరుగు కంగారుపడతారు. పంది సాసేజ్ లోపల 71 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి, కోడి, టర్కీ అయితే 74. అక్కడి లెక్కలో 160, 165 ఫారెన్‌హీట్. చిన్న థర్మామీటర్ ఒకటి కొనుక్కో, ఎప్పటికీ పనికొస్తుంది.

కొవ్వు ఎక్కువగా ఊరితే రెండు చెంచాలు ఉంచి మిగతాది ఒక గిన్నెలోకి తీసెయ్యి. సింకులో పొయ్యకు, గొట్టంలో గడ్డకడుతుంది. ముక్కల్ని ఒక పక్కకు జరిపి ఉల్లిపాయ వెయ్యి. అది మెత్తబడ్డాక వెల్లుల్లి, దాని వెంటనే ఎండుమిర్చి పలుకులు అర చెంచా. మనింట్లో తాలింపులో ఎండుమిర్చి నూనెలో పడగానే ఎలా ఘుమ్మంటుందో ఇక్కడా అదే పని జరుగుతుంది. మిరపలోని ఘాటు నీళ్లలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే కారం నూనెలోనే పడాలి. చివర్న పైన చల్లితే అక్కడక్కడా నాలుక మీద పొడుస్తుంది తప్ప సాసంతా పట్టదు. అమ్మ పంపిన గుంటూరు కారం వాడాలనిపిస్తే వాడు, రంగు బాగా వస్తుంది. కాకపోతే పొడి క్షణంలో మాడుతుంది, కాబట్టి సెగ బాగా తగ్గించాకే వేసి వెంటనే టొమాటో పేస్టు కలిపెయ్యి. గరం మసాలా, అల్లం, ధనియాల పొడి జోలికి మాత్రం వెళ్లకు నాన్నా. అన్ని వంటల్నీ ఒకే రుచికి తెచ్చుకుంటే దేశం కాని దేశంలో ఉండి ఏం తిన్నట్టు? సోంపు, వెల్లుల్లి, మిరప, ఈ మూడింటి మధ్యకు ఇంకేదీ రానివ్వకు.

కారం ఎంత వెయ్యాలన్నది నీ నోటిని బట్టి. ఒక్క సంగతి గుర్తుంచుకో. క్రీమ్ పడగానే ఘాటు బాగా తగ్గుతుంది. కొవ్వు దాన్ని తనలోకి లాక్కుంటుంది, పాలలోని కేసీన్ నాలుక మీద మిగిలినదాన్ని పట్టుకుపోతుంది. కాబట్టి క్రీమ్ వెయ్యకముందు రుచి చూస్తే నీకు కావాల్సినదానికంటే కాస్త ఎక్కువే ఉండాలి.

టొమాటో పేస్టును రెండు నిమిషాలు వేయించు. ఎరుపు ముదిరి ఇటుక రంగుకు వస్తుంది, పచ్చి పులుపు పోతుంది. ఈపాటికి పాస్తా నీళ్లు మరిగి ఉంటాయి, పాస్తా వేసెయ్యి. డబ్బా మీద పదకొండు నిమిషాలని ఉంటే నువ్వు తొమ్మిదికే తీసెయ్యాలి. ఉడుకుతున్న ఆ నీళ్లే ఒక గరిటెడు బాణలిలో పోసి, అడుగున అంటుకున్నదంతా చెక్క గరిటెతో రుద్ది కరిగించు. తర్వాత సెగ తగ్గించి క్రీమ్ పోసి, చిన్నగా ఉడకనివ్వు.

క్రీమ్ దగ్గర పొదుపు చూడకు. అమెరికాలో హెవీ క్రీమ్ అంటే కనీసం 36 శాతం వెన్న ఉండాలి. అంత వెన్న ఉంటే టొమాటో పులుపు తగిలినా విరగదు. సగం పాలు, సగం క్రీమ్ ఉండే హాఫ్ అండ్ హాఫ్ గానీ పాలు గానీ పోసి మరిగించావంటే పలుకులుగా విరుగుతుంది. కొవ్వు తగ్గించుకోవాలంటే క్రీమ్ పావుకప్పే వెయ్యి, పాస్తా నీళ్లు ఇంకాస్త పొయ్యి, బాగానే ఉంటుంది. వీడియో కాల్‌లో చూసి మీ అమ్మ విజయవాడలో చెయ్యబోతే ముందే చెప్పు. అక్కడ దొరికే అమూల్ ఫ్రెష్ క్రీమ్‌లో వెన్న 25 శాతమే. సన్న సెగ మీద చివర్లో కలుపుకోవాలి, మరగనివ్వకూడదు.

రెండో నెమ్మది ఇక్కడ. పాస్తాను వార్చే ముందు ఒక కప్పు నీళ్లు తీసి పక్కన పెట్టు. ఇది మర్చిపోయి సింకులో వంపేస్తే మళ్లీ రావు, కాబట్టి కప్పును ముందే చిల్లుల గిన్నెలో పెట్టి ఉంచుకో. పాస్తాను చన్నీళ్లతో కడగకు. తడిగా ఉండగానే బాణలిలోకి వేసి, అరకప్పు నీళ్లు పోసి, మధ్యస్తం సెగ మీద రెండు నిమిషాలు ఆగకుండా ఎగరేస్తూ, తిప్పుతూ ఉండు. ఆ నీళ్లలో పాస్తా వదిలిన గంజి ఉంటుంది. సాసేజ్ కొవ్వునూ క్రీమునూ నీళ్లనూ విడిపోకుండా అదే పట్టి ఉంచుతుంది. మొదట పలచగా, చారులా ఉందని కంగారుపడి ఇంకా క్రీమ్ పొయ్యకు. తిప్పుతూ ఉంటే చిక్కబడి ప్రతి ముక్కకూ పట్టుకుంటుంది. పాస్తా కూడా ఆ రెండు నిమిషాల్లోనే సాసు పీల్చుకుని, కొరికితే మధ్యలో కాస్త గట్టిదనం తగిలే పాకానికి వస్తుంది. పళ్లెంలోకి వెళ్లాక ఇంకా చిక్కబడుతుంది కాబట్టి బాణలిలో కొంచెం జారుగా ఉన్నప్పుడే ఆపు. చివరి అర నిమిషంలో పాలకూర వేస్తే దానంతటదే వాడుతుంది. పొయ్యి కట్టేశాక పార్మిజాన్ కలుపు. సెగ మీద వేస్తే జున్ను సాగి ఉండలు కడుతుంది. ఉప్పు అప్పుడు చూడు, అంతకు ముందు కాదు. చాలాసార్లు వెయ్యాల్సిన పనే ఉండదు. మిరియాల పొడి కాస్త చల్లుకో.

తినడానికి ఎవరైనా వస్తే ఇందులో ఏముందో ముందే చెప్పు. పంది తినని స్నేహితుల కోసం కోడి సాసేజ్ తెస్తే లేబుల్ పూర్తిగా చదువు. మాంసం కోడిదే అయినా పై పొర పందిది కావచ్చు. శాకాహారి అయితే సాసేజ్ బదులు పుట్టగొడుగులను ఇలాగే ఎర్రగా వేయించి, దంచిన సోంపు అర చెంచా వెయ్యి. అసలైన పార్మిజాన్‌ను దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తో పేరబెడతారు, కాబట్టి వాళ్లకు అది వద్దు, దూడ రెన్నెట్ కలపని జున్ను కొట్లలో దొరుకుతుంది. అడగకుండా పెట్టి, తిన్నాక చెప్పడం మన ఇంటి పద్ధతి కాదు.

ఒక్కడివే ఉన్న రోజు కూడా ఇదే కొలతతో చెయ్యి, సగం మర్నాటికి ఉంటుంది. బాణలిలో వదిలేసి పడుకోకు. రెండు గంటల్లోపు మూత ఉన్న డబ్బాలో సర్ది ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. మైక్రోవేవ్‌లో పెద్ద వేడి మీద పెడితే వెన్న విడిపోయి నూనె పైకి తేలుతుంది. చిన్న బాణలిలో రెండు చెంచాల పాలు చిలకరించి, మూత పెట్టి, సన్న సెగ మీద మధ్య మధ్య కలుపుతూ వేడి చేసుకో. మధ్యాహ్నం ఆఫీసుకు పట్టుకెళ్లాలంటే పొద్దున్నే అలా వేడి చేసి, మరుగు నీళ్లతో కడిగిన ఫ్లాస్కు డబ్బాలో వేసుకుని బిగించు.

మీ పెద్దమ్మ