చేతిపని కూడా దేవుని వరమే



వాక్యభాగము: నిర్గమకాండము 31:1-5, 1 రాజులు 7:13-22

కొన్ని నెలల క్రితం మన శుక్రవారపు ఆన్‌లైన్ ప్రార్థనలో ఒక యౌవన సహోదరి తన మనవి చెప్పింది. ఆమె తండ్రి ఇక్కడ ఉనైజా సనయ్యలో ఏళ్ల తరబడి వెల్డరుగా పనిచేసి, కళ్లు సరిగా కనబడక ఇంటికి వెళ్లిపోయారు. "అన్నయ్యా, నాన్న దగ్గరే పని నేర్చుకున్నాను. గేట్లు, కిటికీ గ్రిల్స్, మెట్ల రెయిలింగులు చేసే షెడ్డు పెడదామనుకుంటున్నాను. ప్రార్థించండి" అంది. ఒక పెద్దాయన, "ఆడపిల్లకి ఆ నిప్పురవ్వల మధ్య పనేంటమ్మా, టీచరు ఉద్యోగం ఏదైనా చూసుకోరాదూ" అన్నారు. నేనేమీ మాట్లాడలేదు. ప్రార్థన చేసి ఆమేన్ అన్నాను.

ఆ వారమే ఊళ్లో కడుతున్న మా ఇంటి కిటికీ గ్రిల్స్ వేరొకరికి అప్పగించాను. ఆమె నాకు గుర్తుకే రాలేదు. తర్వాత ఈ వాక్యభాగము చదువుతుంటే ప్రభువు నన్ను గద్దించాడు.

బెసలేలును చూడండి. దేవుడు అతణ్ణి పేరుపెట్టి పిలిచి, తన ఆత్మతో నింపాడు. దేనికి? బంగారము, వెండి, ఇత్తడి పని చేయడానికి! లోహాన్ని కరిగించి మలిచే నేర్పును దేవుడు ఆత్మవరముగా ఎంచాడు. మరి ఆ వరము మగవారికేనా? ప్రత్యక్షపు గుడారములోని ఇత్తడి గంగాళము సేవచేసే స్త్రీల అద్దములతో తయారైంది (నిర్గమ 38:8). నెహెమ్యా కాలములో యెరూషలేము గోడ బాగుచేసినవారి పట్టికలో షల్లూము పక్కన అతని కుమార్తెలూ ఉన్నారు (నెహెమ్యా 3:12). అది రాళ్లెత్తే పని. ఆడపిల్లలకెందుకని నెహెమ్యా వారిని ఇంటికి పంపలేదు.

ఇప్పుడు హీరామును చూడండి. అతడు నఫ్తాలి గోత్రపు విధవరాలి కుమారుడు. తండ్రి తూరు పట్టణపు ఇత్తడి పనివాడు. అంటే తండ్రి పనే బిడ్డకూ వచ్చింది, మన సహోదరిలాగే. సొలొమోను ఏమి చేశాడు? కబురు పంపి పిలిపించి, పని అప్పగించాడు. అందుకే మందిరము ముందు యాకీను, బోయజు అనే స్తంభములు లేచాయి. ఒక్కొక్కటి 18 మూరల ఎత్తు! నేర్పు దేవుడిచ్చాడు. పని ఇవ్వవలసినవాడు మనిషి.

ప్రియులారా, బట్టలూ భోజనమూ లేనివారికి మంచి మాట చెప్పి పంపేస్తే ఏమి ప్రయోజనమని యాకోబు అడుగుతున్నాడు (యాకోబు 2:15-16). ఆర్డరు లేని షెడ్డుకు మన ఆమేన్ కూడా అలాంటిదే.

మన రాష్ట్రాల్లో ఈ దారి కొత్తదేమీ కాదు. 1993లో కన్నెగంటి రమాదేవి గారు మొదలుపెట్టిన అలీప్ సంస్థ, హైదరాబాదు శివారు గాజులరామారంలో స్త్రీల కోసమే పారిశ్రామికవాడ ఏర్పాటు చేసింది. 2008లో వచ్చిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం (పీఎంఈజీపీ) నిబంధనల్లో గ్రామాల్లోని స్త్రీలకు 35 శాతం రాయితీ ఉంది, సొంత వాటా 5 శాతమే. మన సంఘాల్లో ఎందరు ఆడపిల్లలకు ఈ సంగతి చెప్పాము?

నేను ఆ సహోదరికి ఫోను చేసి క్షమాపణ అడిగాను. ప్రహరీ గేటు ఇంకా మిగిలి ఉంది, చేస్తావామ్మా అన్నాను. ఆమె వెంటనే అడిగింది: "ఎన్ని అడుగులు అన్నయ్యా? కారు లోపలికి వస్తుందా? రేకు వేయాలా, ఊచలా? కిలో లెక్కన రేటు చెప్తాను." అడ్వాన్సు పంపాను. మొన్న రెడ్ ఆక్సైడ్ పూసిన గేటు ఫోటో వచ్చింది. పక్కనే వాళ్ల నాన్న, కళ్లజోడు సర్దుకుంటూ, అతుకులు చేత్తో తడిమి చూస్తున్నారు.

గల్ఫ్‌లోనైనా, అమెరికాలోనైనా మనలో చాలామంది ఊళ్లో ఇల్లు కడుతున్నాము. ఆ ఇంటికి గేటు కావాలి, గ్రిల్స్ కావాలి. మీ సంఘములో పని తెలిసిన బిడ్డ ఉందేమో ముందు కనుక్కోండి. బేరమాడితే న్యాయంగా ఆడండి, డబ్బు మాత్రం చెప్పిన రోజుకే ఇవ్వండి. పని బాగోలేకపోతే ప్రేమతో చెప్పి సరిచేయించుకోండి. ఆ తర్వాత ప్రార్థించండి, ఆ ఆమేన్‌కు బలముంటుంది.

బెసలేలును పేరుపెట్టి పిలిచిన దేవుడు మన కుమార్తెల చేతిపనిని ఆశీర్వదించి, వారి కళ్లను, చేతులను కాపాడును గాక. పని అప్పగించే మనస్సు మనకు దయచేయును గాక. ఆమేన్.