పొలిమేరలో పొయ్యి

కడప జిల్లా పోరుమామిళ్లలో క్రీ.శ. 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర ప్రభువు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు తవ్వించిన చెరువును గురించి వేయించిన శాసనం అది. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను అందులో వరసగా చెప్పారు. కట్ట కింద నీరు ఊరడం, నేల చవుడు కావడం వంటి దోషాలను సేద్యం తెలిసినవారెవరైనా ఊహించగలరు. కానీ మట్టితోనూ నీటితోనూ సంబంధం లేని దోషం కూడా ఒకటి ఆ వరసలో ఉంది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం. ఎందుకో ఆలోచిస్తే అర్థమవుతుంది. అక్కడ గండి పడితే పూడ్చేది ఎవరు? పూడిక తీసే కూలీ ఎవరివ్వాలి? నీళ్లు అవతలివాడి పొలానికి పారుతుంటే ఇవతలివాడు కట్ట మీద మట్టి ఎందుకు వేస్తాడు? ఇద్దరి మధ్య ఉన్న చెరువు చివరికి ఎవరిదీ కాకుండా పోతుంది. ఆరున్నర శతాబ్దాల తర్వాత ఇంగ్లండ్‌లోని అద్దె ఇళ్లలో వెచ్చదనం సరిగ్గా ఆ పొలిమేరలోనే చిక్కుకుని ఉంది.

ఆ దేశంలో దాదాపు అయిదో వంతు కుటుంబాలు ప్రైవేటు యజమానుల ఇళ్లలో అద్దెకుంటున్నాయి. చలికాలంలో అక్కడి ఇళ్లలో అత్యధికం గ్యాస్ బాయిలర్ మీదే ఆధారపడతాయి. అది గ్యాస్ మండించి నీళ్లు కాచి, గోడలకున్న రేడియేటర్లలోకి పంపుతుంది. హీట్ పంప్ దేన్నీ మండించదు. ఫ్రిజ్ తన లోపలి వేడిని వెనక నుంచి బయటికి తోసినట్టే, అది బయటి చల్లగాలిలోనూ మిగిలి ఉండే వేడిని లాగి ఇంట్లోకి తెస్తుంది. అందుకే ఒక యూనిట్ కరెంటుతో రెండున్నర నుంచి మూడున్నర యూనిట్ల వేడి ఇవ్వగలుగుతుంది. ఒక మోస్తరు ఇల్లు ఏడాదికి 11,500 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) గ్యాస్ వాడితే రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. బాయిలర్ 15 ఏళ్లు పనిచేస్తుందనుకుంటే అది 30 టన్నులకు పైనే. 2024 సెప్టెంబరు 30న తన చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని మూసేసిన ఆ దేశంలో, అదే వేడిని హీట్ పంప్‌తో తెచ్చుకుంటే ఆ భారం మూడో వంతు కన్నా తక్కువకు దిగుతుంది. అయితే కొత్త బాయిలర్‌కు రెండు మూడు వేల పౌండ్లు చాలు. హీట్ పంప్‌కు 12 వేల పౌండ్లకు పైనే అవుతుంది. 2023 అక్టోబరు నుంచి ప్రభుత్వం ఇస్తున్న 7,500 పౌండ్ల సాయం తీసేసినా దాని ఖర్చే ఎక్కువ. పైగా యంత్రం ఖర్చు యజమానిది, నెలనెలా బిల్లు అద్దెదారుది. పాత బాయిలర్ మొరాయించిన రోజున యజమాని మనసులో మెదిలే ప్రశ్న ఒక్కటే: బిల్లు నాది కానప్పుడు ఇంత ఖర్చు నాకెందుకు?

పైకి ఇది లెక్కల ప్రశ్నలా కనిపిస్తుంది. అడుగున ఉన్నది ధర్మసంబంధమైన ప్రశ్న. బాధ్యత లాభాన్ని అనుసరించాలా, అధికారాన్ని అనుసరించాలా? లాభం ఎవరికి దక్కుతుందో భారమూ వారే మోయాలన్నది సంతలో సరైన సూత్రం. కానీ లాభం పొందేవాడికి నిర్ణయించే అధికారమే లేని చోట ఆ సూత్రం కాలు విరిగిన కుర్చీ అవుతుంది. అద్దెదారు బాయిలర్ మార్చలేడు, గోడకు వేడిని ఆపే పొర వేయించలేడు, కిటికీ అద్దాలు రెండు పొరలవి వేయించలేడు. అతని చేతిలో ఉన్నది వేడిని పెంచే తగ్గించే మీట ఒక్కటే. ఇంగ్లండ్ చట్టం ఈ సంగతి ఎప్పుడో గుర్తించింది. ఇంటిని, నీళ్లను వేడిచేసే ఏర్పాటును పనిచేసే స్థితిలో ఉంచవలసింది యజమానే అని 1985 నాటి అద్దె చట్టం చెబుతుంది. గ్యాస్ పరికరాలను ఏడాదికోసారి తనిఖీ చేయించవలసిందీ అతనే. ఆ వేడి ఎవరు అనుభవిస్తున్నారని చట్టం అడగలేదు, మార్చగల చెయ్యి ఎవరిదని అడిగింది. నిర్ణయం ఎవరి చేతిలో ఉందో ధర్మం వారి మీద ఉంటుంది. ఈ వ్యాసం వాదన అంతా ఈ ఒక్క మాట మీదే నిలబడుతుంది.

ఈ మాటకు మన భాషలో ఒక పేరు ఉంది. గుడి మాన్యాలను చూసుకునే వ్యక్తిని తెలుగువాళ్లు ధర్మకర్త అంటారు. మాన్యం అతని చేతిలో ఉంటుంది, కానీ అతని సొత్తు కాదు. గాంధీ ఈ భావనను ఆస్తి అంతటికీ విస్తరించారు. గీతలోని అపరిగ్రహం అనే మాట తనను వేధించినప్పుడు, ఇంగ్లండ్‌లో చదువుకున్న న్యాయశాస్త్రమే సాయానికి వచ్చిందని, ధర్మకర్త అనే మాట లోతు గీత వెలుగులో మరింత స్పష్టమైందని ఆయన ఆత్మకథలో రాసుకున్నారు. చలిదేశపు న్యాయగ్రంథం, మన గీత కలిసి ఇచ్చిన ఆలోచన అది. దాన్ని ఇంగ్లండ్ ఇంటికే వర్తింపజేయడం అన్యాయం కాదు. ఇల్లు గుడి మాన్యం కాదుగదా, కష్టార్జితంతో కొన్నది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. గాంధీ కూడా యజమానిని ఇల్లు వదులుకొమ్మనలేదు, న్యాయమైన రాబడి తీసుకోవద్దనలేదు. కానీ డబ్బు పెట్టి కొన్న హక్కు మరొకరి చలి మీద, అందరూ పీల్చే గాలి మీద పెత్తనంగా మారిన చోట అది సొంత విషయంగా మిగలదు.

మన పూర్వులు సప్తసంతానాలలో కొడుకుతో పాటు చెరువునూ తోటనూ లెక్కించారు. చెరువు తవ్వించినవాడు ఆ నీళ్లన్నీ తాగడు. మామిడిమొక్క నాటిన ముసలివాడు దాని పండు తినకపోవచ్చు. ఫలం ఇంకొకరిదని తెలిసీ చేసినందుకే ఆ పనులకు పూర్తధర్మమని పేరు వచ్చింది. ఈ పోలిక ఇక్కడ పూర్తిగా సరిపోదని ఒప్పుకోవాలి. చెరువు తవ్వించినవాడు కిరాయి తీసుకోలేదు, ఇంటి యజమాని తీసుకుంటాడు. కాబట్టి హీట్ పంప్ పెట్టించడాన్ని దానంగా, దాతృత్వంగా పొగడనక్కర్లేదు. అది చాలావరకు బాకీ. ముక్కూ మొహం తెలియని బాటసారి కోసం చలివేంద్రం పెట్టించిన సంస్కృతిలో, అద్దె కడుతున్న మనిషికి, అతని బిడ్డలు పీల్చబోయే గాలికి ఉన్న బాకీ తీర్చమనడం పెద్ద కోరిక కాదు.

అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ బిల్లు వైపు నుంచి వస్తుంది. ఇంగ్లండ్‌లో కరెంటు యూనిట్ ధర గ్యాస్ ధరకు సుమారు నాలుగు రెట్లు. 2025లో ఒకటి 26 పెన్స్ దరిదాపుల్లో, ఇంకొకటి 6 పెన్స్ దరిదాపుల్లో ఉన్నాయి. ఆ ధరల్లో, బాయిలర్‌లో కొంత వేడి వృథా అయినా ఒక యూనిట్ వేడికి ఏడు పెన్స్ లోపే పడుతుంది. పంప్ మూడు రెట్ల వేడి ఇస్తే యూనిట్ వేడికి ఎనిమిదిన్నర పెన్స్ దాటుతుంది. నాలుగు రెట్లు ఇచ్చినప్పుడే గ్యాస్ కన్నా చవకవుతుంది. సందుల్లోంచి గాలి దూరే పాత ఇటుక ఇంట్లో చిన్న రేడియేటర్లకే పంప్ తగిలిస్తే, రేడియేటర్లలో నీళ్లు మరీ వేడిగా తిరగాలి, పంప్ సామర్థ్యం రెండున్నరకు పడిపోవచ్చు. అప్పుడు భూమికి మేలు చేశానన్న తృప్తి యజమానికి, పెరిగిన బిల్లు అద్దెదారుకు మిగులుతాయి. ఈ ఆక్షేపణ నా వాదనను పడగొట్టదు, దానికి పదును పెడుతుంది. తనకు చేస్తే బాధ కలిగే పనిని ఇతరులకు చేయకపోవడమే ధర్మాలన్నిటికీ ఆధారమని భారతం చెప్పింది, తిక్కన దాన్ని మనందరి నోళ్లలో నిలిచేలా తెలుగు చేశాడు. ఆ గీటురాయి మీద, బిల్లు తనది కాదని చవక బాయిలర్ బిగించేవాడూ, బిల్లు తనది కాదని సిద్ధం కాని ఇంటికి పంప్ బిగించేవాడూ ఒకే తప్పు చేస్తున్నారు. అందుకే యంత్రం ఒక్కటే ధర్మం కాదు. ముందు అటక మీద, గోడల్లో వేడిని ఆపే పొరలు వేయించి, కిటికీల సందులు మూయించి, రేడియేటర్లు పెద్దవి పెట్టించి, ఆ తర్వాత పంప్ తేవడం ధర్మం. గ్యాస్ కనెక్షన్ పూర్తిగా తీసేస్తే రోజువారీ స్థిర రుసుము కూడా తప్పుతుంది.

రెండో ఆక్షేపణ చిన్న యజమానుల పక్షాన వస్తుంది. వాళ్లలో చాలామందికి అద్దెకిచ్చేందుకు ఉన్నది ఒకటి రెండు ఇళ్లే. బ్యాంకు అప్పు మీద రెండో ఇల్లు కొని అద్దెకిచ్చిన తెలుగు కుటుంబాలూ వారిలో ఉన్నాయి. అప్పు వాయిదా కట్టగా మిగిలేది కొంచెమే అయినప్పుడు ఇంకో అయిదు వేల పౌండ్లు ఎక్కడి నుంచి తేవాలి? ఇది సాకు కాదు, నిజమైన కష్టం. ధర్మం ఎప్పుడూ శక్తి కొలదినే అడిగింది. పనిచేస్తున్న బాయిలర్‌ను ఇవాళే పీకేయమని ఎవరూ అనడం లేదు. అది ఇంకా అయిదేళ్లు ఉంటుందని తెలిసినప్పుడు, ఆ అయిదేళ్లలో ఏడాదికో పని చొప్పున ఇంటిని సిద్ధం చేసుకోవచ్చు. పెట్టిన ఖర్చులో కొంత అద్దెలో సర్దుకున్నా తప్పు లేదు, ఆ పెంపు అద్దెదారుకు బిల్లులో మిగిలేదాన్ని మించనంతవరకు. మరమ్మతు పేరు చెప్పి పాతవారిని ఖాళీ చేయించి, కొత్తవారికి రెట్టింపు అద్దెకివ్వడం మాత్రం ధర్మం ముసుగు వేసుకున్న లోభం.

చివరి ఆక్షేపణ: ఒక్క ఇంటి పొగతో లోకం మునుగుతుందా, ఇది ప్రభుత్వం చేయవలసిన పని కాదా? ప్రభుత్వం చేయవలసింది చాలా ఉంది. కరెంటు మీద వేసిన అదనపు భారాలను తగ్గించడం దాని చేతిలోనే ఉంది. సరిహద్దును చట్టంతో జరపవచ్చని జర్మనీ చూపించింది. 2023 జనవరి నుంచి అక్కడ కార్బన్ రుసుమును ఇంటి నాణ్యతను బట్టి పది మెట్లుగా పంచుతారు, మరీ అధ్వాన్నమైన ఇంట్లో 95 శాతం యజమానే కట్టాలి. స్వీడన్‌లో వెచ్చదనం ఖర్చు అద్దెలోనే కలిసి ఉండడం ఆనవాయితీ, కాబట్టి వృథా అయ్యే ప్రతి యూనిట్ యజమానికే నొప్పి కలిగిస్తుంది. కానీ చట్టం ఊగుతుంది. అద్దె ఇళ్లు ఇంధన సామర్థ్యంలో కనీసం ‘ఇ’ స్థాయిలో ఉండాలని 2018లో మొదలుపెట్టిన ఇంగ్లండ్, ఆ మెట్టును ‘సి’ దాకా పెంచుతామని చెప్పి 2023 సెప్టెంబరులో వెనక్కి తగ్గింది, తర్వాత వచ్చిన ప్రభుత్వం మళ్లీ తలకెత్తుకుంది. ఈ ఊగిసలాట ఆగేదాకా ఆగుదామనుకున్న యజమాని ఈలోగా బాయిలర్ చెడితే ఇంకో 15 ఏళ్లను గ్యాస్‌కు రాసిస్తాడు. ఒక్క ఇల్లు లోకాన్ని ముంచదన్న మాట లెక్కగా నిజమే. ఒక్క తట్ట మట్టితో చెరువు కట్ట కూడా లేవదు. అయినా ప్రతి కట్టా తట్టలతోనే లేచింది.

పోరుమామిళ్ల శాసనం సరిహద్దును చెరువు దోషాల్లో చేర్చింది. కానీ చెరువు తన చోటును తాను ఎంచుకోదు, తవ్వించేవాడు ఎంచుకుంటాడు. అద్దె ఇంటి పొయ్యి కూడా తనంతట తాను పొలిమేరలో పడలేదు. ఖర్చు ఒకరి కాగితంలో, బిల్లు ఇంకొకరి కాగితంలో రాసుకున్నందువల్ల పడింది. ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, రాబోయే 15 చలికాలాలు ఆ ఇంట్లో తన బిడ్డే కాపురం ఉండబోతున్నట్టు కూడగలిగినవాడు యజమాని ఒక్కడే. అద్దెదారుకు మొదటి కాగితం అందదు, పుట్టబోయేవారికి రెండూ అందవు. వారందరి తరఫున ఆ కూడిక చేయడమే ధర్మకర్త పని.