గోతిలోనికి దింపిన పాత గుడ్డలు



న్యాయము కొరకు నోరు తెరచినవానికి ప్రాణాపాయము కలిగినప్పుడు, అధికారములేని మనవంటివారు వానికి ఏమి చేయగలరు? జాలిపడి ఊరకుండుటయేనా? ఒక దేశములో జరిగిన సంగతిని చూచి ఆలోచింతము.

మధ్య అమెరికాలోని గ్వాటిమాలాలో 1960 మొదలు 1996 వరకు అంతర్యుద్ధము సాగెను. రెండు లక్షలకు మించిన జనులు చంపబడిరి లేక కనబడకుండ పోయిరని ఐక్యరాజ్యసమితి సహాయముతో ఏర్పడిన విచారణ సంఘము 1999లో తెలిపెను. గుర్తింపబడిన బాధితులలో నూటికి 83 మంది మాయా జాతివారు. కనబడకుండ పోవుట యనగా, పట్టుకొనిపోబడినవాడు చెరసాలలోను లేడు, సమాధిలోను లేడు. అడిగినచో తెలియదనుటయే జవాబు.

1984లో అట్టివారి భార్యలు, తల్లులు, బంధువులు కూడి పరస్పర సహాయ సమాజమును స్థాపించిరి. వారు ఆయుధము పట్టలేదు. “మావారెక్కడ?” అని మాత్రమే అడిగిరి. 1985 మార్చి చివర వారి నాయకులలో ఒకడైన హెక్టర్ గోమెజ్ చంపబడెను. కొద్దిదినములకే, ఈస్టరుకు ముందటి గురువారమున, రోసారియో గోదోయ్ అను నాయకురాలు, ఆమె సహోదరుడు, రెండేండ్ల పసివాడు ప్రాణములు కోల్పోయిరి. అధికారులు దానిని కారు ప్రమాదమనిరి.

అప్పుడు పీస్ బ్రిగేడ్స్ ఇంటర్నేషనల్ అను సంస్థకు చెందిన పరదేశీయులు మిగిలిన నాయకులకు రాత్రింబగళ్లు తోడుగా నడచిరి. వారియొద్ద తుపాకి లేదు. ఆ సమాజము ఏమి చేయవలెనో వారు చెప్పలేదు. వెంట నడచిరి, వాకిట కనిపెట్టుకొని యుండిరి, అంతే. చూచువాడు లేనిచోట హత్య సులభము. చూచువాడున్నచో ఆ వార్త దేశదేశములకు పోవును గనుక, చంపింపగోరువాడు వెనుకముందు చూచుకొనవలసి వచ్చును. ఆ నాయకులలో నినెత్ మోంటెనెగ్రో బ్రదికి, తరువాత ఆ దేశపు శాసనసభలో సభ్యురాలాయెను. ఆమె భర్తను మాయము చేసిన నేరమునకు 2010లో ఇద్దరు పోలీసులకు శిక్ష పడెను.

అయితే తోడు రక్షణకు పూచీ కాదు. బిషప్ హువాన్ హెరార్డి 1998 ఏప్రిల్ 24న యుద్ధకాలపు దుష్కార్యముల నివేదికను వెలువరించెను. రెండు దినములకే తన నివాసములో చంపబడెను. ఎందరో ఎరిగినవాడైనను తప్పించుకొనలేదు. కాబట్టి ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్న గలదు. ప్రాణము వారిదై యుండగా, దూరమునుండి “ధైర్యము వహించుడి” అని చెప్పుట మనకు న్యాయమా? మన వంతు వెల మనము చెల్లింపనియెడల న్యాయము కాదని నా తలంపు. ఒడ్డున నిలిచి మెచ్చుకొనుట సహాయము కాదు.

యిర్మీయా గ్రంథము 38వ అధ్యాయములోని ఎబెద్మెలెకును జ్ఞాపకము చేసికొనుడి. అతడు ప్రవక్త కాడు, పరదేశియైన సేవకుడు. ప్రవక్త బురదగోతిలో దిగబడి యుండగా, అతడు గుమ్మమున కూర్చున్న రాజునొద్దకు వెళ్లి, ఇది అన్యాయమని ముఖముననే చెప్పెను. పిమ్మట త్రాళ్లతో కూడ పాత గుడ్డలను దింపి, చంకలక్రింద పెట్టుకొమ్మనెను. త్రాడు ఒరయునని అతడు ముందుగా తలంచెను. ప్రవక్తకు మారుగా అతడు ప్రవచింపలేదు. అతని బాధ యెట్టిదో యెరిగి, దానికి తగినది తెచ్చెను. మరియు అతడు ఒంటరిగా లాగలేదు, ముప్పదిమందిని వెంటబెట్టుకొని పోయెను.

ఇతరుల హక్కుల కొరకు శాంతముగా పాటుపడుట ప్రతివాని హక్కని 1998 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి ప్రకటించెను. ఆ ప్రకటన కాగితముమీద నున్నది. దానికి కాళ్లు మనుష్యులే. బాధపడినవారి పేళ్లు మరువకుండుట, వారి విడుదలకై అధికారులకు ఉత్తరము వ్రాయుట, వారి పిల్లల ఆకలి విచారించుట, మన ఊరిలోనే దిక్కులేనివారి పక్షమున సాక్ష్యము చెప్పబోవువానితో కోర్టువరకు నడచుట, ఇవన్నియు ఆ పాత గుడ్డలే. ప్రవక్త కాలేనివాడు సహితము త్రాడు పట్టవచ్చును.